పద్దెనిమిదేళ్ళు నిండిన మరునాడు

టకానినిలోని ఒక తెలుగు ఇంట్లో పిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండాయనుకుందాం. ఉదయం తలంటు, కొత్త బట్టలు, పాయసం. సాయంత్రం స్నేహితులు, కేకు, ఫోటోలు. మరునాడు తెల్లవారితే అంతా యథాప్రకారమే. అదే గది, అదే మంచం, అమ్మ సర్దిపెట్టిన అదే అన్నం డబ్బా. చట్టం దృష్టిలో అతడు పెద్దవాడయ్యాడు. ఇంటి దృష్టిలో ఇంకా కాలేదు. చదువు ముగిసి, ఉద్యోగం కుదిరి, పెళ్ళయ్యేదాకా, ఒక్కొక్కప్పుడు ఆ తరువాత కూడా, తల్లిదండ్రుల అండ అతడికి ఉంటూనే ఉంటుంది.

అదే వీధిలో అదే వయసు గల మరొక పిల్లవాడు ఉండవచ్చు. కన్నవారి ఇల్లు క్షేమం కాదని న్యాయస్థానం నిర్ణయించగా, చిన్నతనంలోనే ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చినవాడు. బంధువుల ఇంట్లోనో, పెంపుడు కుటుంబంలోనో, వసతి గృహంలోనో పెరిగినవాడు. కొందరు ఇటువంటి పిల్లలు నాలుగైదు ఇళ్ళు, నాలుగైదు బడులు మారి ఉంటారు. పద్దెనిమిదో పుట్టినరోజుతో ఆ పిల్లవాడిపై ప్రభుత్వ సంరక్షణ ముగుస్తుంది. మరునాడు అతడి పరిస్థితి ఏమిటి? అతడి మనసును ఎవరు కనిపెట్టి ఉంటారు? ఈ ప్రశ్న సంఘసేవకులకే పరిమితమైనదని అనుకుంటాము. కాని గత నలభై ఏళ్ళ జీవరసాయన శాస్త్రం కూడా దీనికి కొంత సమాధానం చెబుతున్నది.

ఊరి పేరులోని విషాదం

ఆక్లండ్‌కు దక్షిణాన, పాపకురా పక్కన ఉన్న టకానినికి ఆ పేరు ఒక మావోరీ నాయకుని వలన వచ్చింది. తె ఆకితై వైఒహువా తెగ పెద్ద అయిన ఇహాకా టకానినిని, 1863లో వైకాటో యుద్ధం మొదలైన రోజులలో, వలస ప్రభుత్వం కుటుంబసమేతంగా విచారణ లేకుండా నిర్బంధించింది. ఆ నిర్బంధంలో పిల్లలతో సహా ఆ కుటుంబంలో కొందరు మరణించారు. రకినో దీవికి తరలించిన తరువాత, 1864లో, ఆయన కూడా కన్నుమూశారు.

కుటుంబాలు విడిపోవడమన్నది ఆ తరంతో ముగియలేదు. ఇరవయ్యో శతాబ్దంలో వేలాది మంది పిల్లలను, వారిలో అధిక సంఖ్యలో మావోరీ పిల్లలను, ఇళ్ళనుంచి తీసుకువెళ్ళి ప్రభుత్వ గృహాలలో, మత సంస్థల గృహాలలో ఉంచారు. జాన్ రంగిహౌ అధ్యక్షతన తయారై 1980వ దశకంలో వెలువడిన ‘పువావో తె అతా తు’ నివేదిక ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించింది. పిల్లల విషయంలో నిర్ణయాలు కుటుంబ సభ్యులందరి సమక్షంలో జరగాలన్న సూత్రంతో 1989లో కొత్త చట్టం వచ్చింది. 2018లో ఏర్పడిన రాజ విచారణ సంఘం తుది నివేదిక 2024 జూలైలో వెలువడింది. 1950 నుంచి 2019 వరకు సంరక్షణలో గడిపినవారు సుమారు 6,55,000 మంది అనీ, వారిలో సుమారు 2,00,000 మంది అత్యాచారానికి గురై ఉంటారనీ ఆ సంఘం అంచనా. 2024 నవంబరు 12న ప్రధాని క్రిస్టఫర్ లక్సన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. నేటికీ సంరక్షణలో ఉన్న పిల్లలలో సగానికి మించినవారు మావోరీలే. సంరక్షణ వీడే యువత మానసిక ఆరోగ్యాన్ని గురించి ఆలోచించేవారు ఈ చరిత్రను మరువరాదు.

ఒత్తిడి అనే మాటకు రసాయన అర్థం

‘ఒత్తిడి’ అని మనం వాడే మాట వెనుక ఒక రసాయన గొలుసు ఉన్నది. భయం కలిగినప్పుడు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగం 41 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీనును విడుదల చేస్తుంది. అమెరికాలోని సాక్ సంస్థలో వైలీ వేల్ బృందం 1981లో దీని నిర్మాణాన్ని కనుగొన్నది. దాని ప్రేరణతో పీయూష గ్రంథి 39 అమైనో ఆమ్లాల మరొక హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది మూత్రపిండాలపై టోపీలవలె అమరి ఉండే అధివృక్క గ్రంథులను చేరగానే, అవి కార్టిసాల్‌ను తయారుచేస్తాయి. 21 కర్బన, 30 ఉదజని, 5 ఆమ్లజని పరమాణువుల చిన్న అణువు అది. ఈ జాతి హార్మోనులపై కృషికి కెండాల్, రైష్టైన్, హెంచ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1950లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

కార్టిసాల్ చెడ్డది కాదు. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో దాని పరిమాణం గరిష్ఠానికి చేరుతుంది, అర్ధరాత్రికి కనిష్ఠమవుతుంది. ప్రమాదం వచ్చినప్పుడు రక్తంలో చక్కెరను పెంచి శరీరాన్ని సిద్ధం చేస్తుంది. పని ముగియగానే అదే కార్టిసాల్ మెదడులోని గ్రాహకాలకు అతుక్కుని ‘ఇక చాలు’ అన్న సంకేతం పంపుతుంది, గొలుసు ఆగిపోతుంది. పొంగు రాగానే పొయ్యి తగ్గించే గృహిణి చేసే పని వంటిదే ఇది.

మరి ప్రమాదం ఏళ్ళ తరబడి తొలగకపోతే? అటువంటి పిల్లలలో కార్టిసాల్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. దీర్ఘకాలం నిర్లక్ష్యానికి గురైన పిల్లలలో అనేకులకు ఉదయపు గరిష్ఠం తగ్గిపోతుంది. కొత్త కష్టం ఎదురైనా కార్టిసాల్ తగినంతగా పెరగదు. నిత్యం మోగి మోగి గంట మూగబోయినట్లు అన్నమాట. పైకి ఆ పిల్లవాడు ‘దేనికీ చలించడు’, ‘బండబారాడు’ అనిపిస్తాడు. నిజానికి అది లక్ష్యం లేకపోవడం కాదు. శరీరం తనను తాను కాపాడుకునేందుకు నేర్చుకున్న పద్ధతి.

పెంచిన తల్లి ప్రభావం

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం ఎలుకలపై చేసిన పరిశోధన 2004లో వెలువడింది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను ఎక్కువగా నాకి సాకుతాయి. కొన్ని అంతగా పట్టించుకోవు. తక్కువగా సాకబడిన పిల్లల మెదడులో, కార్టిసాల్ జాతి హార్మోను గ్రాహకాన్ని తయారుచేసే జన్యువుపై మిథైల్ గుంపులు ఎక్కువగా చేరాయి. ఒక కర్బన పరమాణువు, మూడు ఉదజని పరమాణువులు కలిసిన ఈ చిన్న గుంపు జన్యువును మార్చదు కాని దాని పనిని అణచివేస్తుంది. గ్రాహకాలు తగ్గితే ‘ఇక చాలు’ అన్న సంకేతమూ బలహీనమవుతుంది.

ఆ ప్రయోగంలో మరొక ముఖ్యమైన అంశం ఉన్నది. పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లలను పుట్టగానే బాగా సాకే తల్లి వద్ద ఉంచితే, ఆ మిథైల్ గుంపుల అమరిక పెంచిన తల్లి పిల్లల అమరికను పోలి వచ్చింది. కన్నవారికన్నా పెంచినవారు ఎక్కువ అని మన పెద్దలు అనే మాటకు అణువుల స్థాయిలో ఒక సాక్ష్యం దొరికినట్లయింది. ఎలుక మనిషి కాదన్నది నిజమే. అందువలన మనుషులలో ఏం జరుగుతుందో వేరుగా చూడవలసి వచ్చింది.

రుమేనియాలోని బుకారెస్ట్ నగరంలో, అనాథ గృహాలలో ఉన్న 136 మంది పసిపిల్లలపై నెల్సన్, ఫాక్స్, జీనా అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు 2000లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. చీటీలు వేసినట్లు సగం మందిని ఎంచి, శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలలో ఉంచారు. ఆ పిల్లల తెలివితేటలు, అనుబంధాలు, మెదడు విద్యుత్ తరంగాలు మెరుగుపడ్డాయి. రెండేళ్ళలోపు ఇల్లు దొరికినవారికి కొన్ని విషయాలలో మేలు ఎక్కువ. పన్నెండేళ్ళ వయసులో మళ్ళీ పరీక్షించగా, ఉంచిన కుటుంబంలోనే స్థిరంగా ఉన్న పిల్లలలో మానసిక సమస్యలు తక్కువగా కనిపించాయి. ఇల్లు దొరకడం ఎంత ముఖ్యమో, ఆ ఇల్లు మారకపోవడమూ అంతే ముఖ్యమని దీనినిబట్టి తెలుస్తున్నది.

కౌమారంలో రెండో అవకాశం

బాల్యంలో జరిగిన నష్టం ఇక పూడదా? ఇక్కడే ఆశ కలిగించే అంశం ఉన్నది. అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో మెగన్ గనర్ బృందం, అనాథ గృహాలలో బాల్యం గడిపి తరువాత దత్తతకు వెళ్ళిన పిల్లలను పరిశీలించింది. చిన్న వయసులో వారి కార్టిసాల్ స్పందన మందకొడిగా ఉన్నది. యుక్తవయసు పరిణామాలు సాగినకొద్దీ ఆ స్పందన ఇతర పిల్లల స్థాయికి చేరుకున్నది. 2019లో ప్రకటించిన ఈ ఫలితాన్నిబట్టి, కౌమారంలో శరీరం తన ఒత్తిడి కొలమానాన్ని తిరిగి సరిచేసుకుంటుందని వారు భావించారు. అయితే ఆ పిల్లలు అప్పటికే స్థిరమైన ఇళ్ళలో ఉన్నవారన్నది గమనించాలి. చుట్టూ ఉన్న పరిస్థితికి అనుగుణంగానే కొలమానం కుదురుకుంటుంది. ఆ సమయంలో మళ్ళీ అస్థిరత ఎదురైతే అది ఏ విధంగా కుదురుకుంటుందో ఊహించవచ్చు.

మెదడు నిర్మాణమూ ఇదే చెబుతున్నది. జే గీడ్ బృందం 1999లో ప్రకటించిన చిత్రాలు, ఆ తరువాతి పరిశోధనలు, ముందాలోచన, నిగ్రహం, నిర్ణయశక్తి వంటి వాటికి ఆధారమైన మెదడు ముందుభాగం ఇరవయ్యో పడి మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుందని చూపాయి. పద్దెనిమిది అన్నది చట్టానికి అనువైన అంకె మాత్రమే. మెదడుకు ఆ రోజు ప్రత్యేకత ఏమీ లేదు. కొడుకునూ కూతురినీ ఇరవై అయిదేళ్ళ వరకు కనిపెట్టి ఉండే తెలుగు తల్లిదండ్రులు ఈ పరిశోధనలు చదివి అలా చేయడం లేదు. అయినా ఆచారమూ శాస్త్రమూ ఈ ఒక్క విషయంలో ఏకీభవిస్తున్నాయి.

ఒకేసారి మూతపడే రెండు తలుపులు

సంరక్షణ వీడే యువతకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. దాదాపు ఆ వయసులోనే పిల్లల మానసిక వైద్య విభాగం నుంచి పెద్దల విభాగానికి మారవలసి వస్తుంది. పాత వైద్యులు, పాత సలహాదారులు దూరమవుతారు. పెద్దల విభాగంలో సాధారణంగా జబ్బు తీవ్రంగా ఉన్నవారికే మొదటి స్థానం. ఇల్లూ మారుతుంది, వైద్యశాలా మారుతుంది. తన కథను అపరిచితులకు పదేపదే చెప్పుకోలేక కొందరు అసలు వెళ్ళడమే మానుకుంటారు.

మందుల విషయమే చూడండి. దిగులు జబ్బుకు ఇచ్చే ఫ్లూఒక్సెటిన్ వంటి మందులు నాడీకణాల మధ్య సెరొటోనిన్ పరిమాణాన్ని కొద్ది గంటలలోనే పెంచుతాయి. కాని మనసు తేలికపడడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాలలో యువతను మరింత జాగ్రత్తగా గమనించాలన్న హెచ్చరికను 2004లో అమెరికా ఔషధ సంస్థ తప్పనిసరి చేసింది. ఇటువంటి మందులలో పలువాటిని వైద్యుని సలహా లేకుండా హఠాత్తుగా ఆపితే తలతిప్పు, చిరాకు, నిద్రలేమి కలుగుతాయి. ఇల్లు మారే హడావుడిలో చీటీ పోగొట్టుకున్న పిల్లవాడికి సరిగ్గా ఇదే జరుగుతుంది. మన ఇంట్లో అయితే ‘మందు వేసుకున్నావా?’ అని అడిగేవారు ఉంటారు. ఆ అడిగే మనిషి కూడా చికిత్సలో భాగమే.

చట్టం ఇప్పుడు ఏమి ఇస్తున్నది

న్యూజిలాండ్‌లో ఒకప్పుడు పదిహేడేళ్ళకే సంరక్షణ ముగిసేది. 2017 ఏప్రిల్ నుంచి అది పద్దెనిమిదికి పెరిగింది. ఒరంగా తమరికి అనే పిల్లల మంత్రిత్వ శాఖ ఏర్పడినదీ అప్పుడే. 2019 జూలై 1 నుంచి మరొక ముఖ్యమైన మార్పు వచ్చింది. పద్నాలుగేళ్ళ తొమ్మిది నెలల వయసు తరువాత వరుసగా కనీసం మూడు నెలలు సంరక్షణలో ఉన్నవారికి ట్రాన్సిషన్ వర్కర్ అనే తోడు కార్యకర్తను 21 ఏళ్ళ వరకు కేటాయిస్తారు. పెంచిన కుటుంబంతోనే 21 ఏళ్ళ వరకు ఉండడానికి, వెళ్ళిపోయినా తిరిగి రావడానికి ఏర్పాటు ఉన్నది. 25 ఏళ్ళ వరకు సలహా, సహాయం అడగవచ్చు. 2017లో ఏర్పడిన ‘వాయిస్ ఫకరొంగో మై’ అనే స్వతంత్ర సంస్థ ఈ యువతీయువకుల గొంతు వినిపిస్తున్నది.

మానసిక ఆరోగ్యంపై 2018లో వచ్చిన ‘హె ఆరా ఒరంగా’ విచారణ నివేదిక తరువాత, అనేక జీపీ వైద్యశాలలలోనే మానసిక సలహా చెప్పే కార్యకర్తలు ఏర్పడ్డారు. 1737 అనే అంకెకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. శిక్షణ పొందినవారు సమాధానమిస్తారు.

భారతదేశంలోనూ ఈ ఆలోచన చట్టంలోకి వచ్చింది. 2015 నాటి బాలల న్యాయచట్టం, పద్దెనిమిదేళ్ళు నిండి సంరక్షణ గృహాన్ని వీడేవారికి సాధారణంగా 21 ఏళ్ళ వరకు ఆర్థిక సహాయం ఇవ్వవచ్చునని చెబుతున్నది. ‘మిషన్ వాత్సల్య’ పథకం ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించింది. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ సేవకు 14416 అంకెపై తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అనాథ గృహాలకు విరాళాలిచ్చే ప్రవాసులు, పిల్లల భోజనంతో పాటు గృహం వీడిన తరువాతి మూడు నాలుగేళ్ళను గురించి కూడా ఆ సంస్థలను అడగడం మంచిది.

నాలుగు గోడల ఇల్లు

మావోరీ మనోవైద్యుడు మేసన్ డ్యూరీ 1980వ దశకంలో ఆరోగ్యాన్ని నాలుగు గోడల ఇంటితో పోల్చారు. శరీరం, మనసు, ఆత్మ, ‘ఫానౌ’ అనే కుటుంబం ఆ నాలుగు గోడలు. ఒక గోడ బీటవారితే ఇల్లంతా వాలుతుంది. వైద్యుడు మనసనే గోడకు మరమ్మతు చేయగలడు. కుటుంబమనే గోడను కట్టడం అతడి చేతిలో లేదు.

ఇందుకు మావోరీలకు ‘ఫాంగై’ అనే పాత ఆచారం ఉన్నది. బంధువుల బిడ్డను తమ బిడ్డగా పెంచుకోవడం. అయితే కన్నవారెవరో దాచకపోవడం, వంశంతో సంబంధం తెంచకపోవడం దీని ప్రత్యేకత. పిల్లలు లేని పెదనాన్న ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో పెరిగి, అటూ ఇటూ ఇద్దరమ్మలనూ ‘అమ్మా’ అని పిలిచినవారు తెలుగు కుటుంబాలలో ఎందరో ఉన్నారు. ఈ సంప్రదాయం తెలుగువారికి కొత్త కాదు.

తెలుగు కుటుంబాలు చేయగలిగినవి

అందరూ పెంపుడు కుటుంబాలు కానక్కరలేదు. అందుకు పోలీసు పరిశీలన, శిక్షణ, చాలా ఓర్పు కావాలి. కాని చిన్న పనులు అనేకం ఉన్నాయి. ఈ దేశంలో లర్నర్ లైసెన్సు ఉన్నవారు కారు నడపాలంటే, పూర్తి లైసెన్సు వచ్చి కనీసం రెండేళ్ళయిన ఒక పెద్దమనిషి పక్కన కూర్చోవాలి. తల్లిదండ్రులు లేని పిల్లవాడి పక్కన ఎవరు కూర్చుంటారు? లైసెన్సు లేక ఉద్యోగాలు పోగొట్టుకోవడం టకానిని వంటి శివారులో చిన్న విషయం కాదు. సహాయసంస్థల ద్వారా, వారి నియమాలకు లోబడి, ఈ పని ఎవరైనా చేయవచ్చు. మొదటి అద్దె ఇంటి పత్రాలు చదివిపెట్టడం, వైద్యుని వద్దకు తోడు వెళ్ళడం, ఉద్యోగమిచ్చేవారికి పరిచయం చేయడం కూడా ఇటువంటివే.

పండుగ రోజులు మరింత కష్టం. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, తాను కూడా సంరక్షణలో పెరిగిన కవి లెమ్ సిసే, సంరక్షణ వీడిన యువత కోసం 2013లో క్రిస్మస్ భోజనం ప్రారంభించారు. తరువాత అది అనేక నగరాలకు పాకింది. టకానినిలోని గురుద్వారాలో పేరూ ఊరూ అడగకుండానే అన్నం పెడతారు. సంక్రాంతికో ఉగాదికో తెలుగు సంఘం వేసే పంక్తిలో ఇటువంటి పిల్లలకు నాలుగు విస్తళ్ళు ఎక్కువ వేయడం భారం కాబోదు.

మాటల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ‘పాపం, నీకెవరూ లేరా?’ అన్న ప్రశ్న గాయాన్ని రేపుతుంది. గతాన్ని తవ్వకూడదు, అతడే చెబితే వినాలి. చెప్పిన సమయానికి రావాలి, రాలేకపోతే ముందే చెప్పాలి. మాట తప్పిన పెద్దలను ఆ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు. చనిపోవాలనిపిస్తున్నదని ఎవరైనా అంటే బెదిరింపుగా కొట్టిపారేయరాదు. నేరుగా అడగాలి, ఒంటరిగా విడువరాదు, ప్రమాదం వెంటనే ఉన్నదనిపిస్తే 111కు ఫోను చేయాలి. యువత ఆత్మహత్యల విషయంలో న్యూజిలాండ్ సంపన్న దేశాలలో చాలాకాలంగా పై వరుసలోనే ఉన్నది. మనసు జబ్బును ‘పిచ్చి’ అని పిలిచి, నలుగురూ ఏమనుకుంటారో అని దాచే అలవాటు మన ఇళ్ళలోనూ ఉన్నది. పరాయి పిల్లవాడితో ఈ సంగతులు మాట్లాడడం నేర్చుకున్న కుటుంబానికి సొంత పిల్లలతో మాట్లాడడమూ సులువవుతుంది.

చదువుకోసం వేరే ఊరు వెళ్ళిన తెలుగు పిల్లలు మొదటి వారంలోనే అమ్మకు ఫోను చేసి, పప్పుకు కుక్కరు ఎన్ని కూతలు రావాలని అడుగుతారు. అడిగేది పప్పు గురించే అయినా, అవతల ఎవరో ఉన్నారన్న ధైర్యంతోనే ఆ రాత్రి నిద్రపోతారు. సంరక్షణ వీడిన పిల్లవాడికీ అటువంటి ఒక ఫోను నంబరు కావాలి. అతడికి ఇరవై అయిదేళ్ళు నిండిన తరువాత కూడా ఆ నంబరు మారకుండా ఉండాలి.